టీ చల్లారిపోతోంది

మొన్న మంగళవారం మూడో పీరియడ్‌లో నా పరువు పోయింది. పోయినందుకు పెద్ద బాధేం లేదు, పదో తరగతికి వచ్చేసరికి ఎవరికైనా అది సగం అరిగే ఉంటుంది. పోయిన పద్ధతే ఇంకా మింగుడుపడటం లేదు.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. నాకు మాంగా పిచ్చి. జపాన్ వాళ్ల బొమ్మల కథలు. మా నానమ్మకి ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మాగాయ అనే వినిపిస్తుంది. "పరీక్షలప్పుడు మాగాయ జోలికి పోకే, వేడి చేస్తుంది" అంటుంది. అమ్మకి సరిగ్గానే వినిపిస్తుంది కానీ, "పదో తరగతిలో బొమ్మల పుస్తకాలేంటే" అంటుంది. ఇదే అమ్మ, తాతయ్య బైండు చేయించిన పాత చందమామలు చేతికి దొరికితే పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలదు. అది సాహిత్యం, ఇది బొమ్మలు. సరే.

మాంగాల పుణ్యమా అని జపనీస్ అక్షరాలు కూడా నేర్చుకున్నాను. హిరగానాలో మూల అక్షరాలు 46. 56 అక్షరాలూ, గుణింతాలూ, వత్తులూ దాటొచ్చిన వాళ్లకి అదో లెక్కా అని వేసవి సెలవుల్లో పదిహేను రోజుల్లో పూర్తిచేశాను. తర్వాత అక్కడి పిల్లలు చదువు అయ్యేలోపు 2136 కాంజీలు, అంటే చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలు, నేర్చుకోవాలని తెలిసింది. అక్కడితో ఆపేశాను. నోట్సుల వెనక పేజీల్లో పెద్ద పెద్ద కళ్లు గీయడం మాత్రం ఆగలేదు.

ఇప్పుడు చదువుతున్నది ఒక డిటెక్టివ్ కథ. పన్నెండు భాగాలు. పేరు చెప్పను, నాకు జరిగింది మీకు జరగకూడదు. పదకొండు భాగాలు అయిపోయాయి. హంతకుడెవరో తేలే పన్నెండోది నా బెంచిమేట్ దగ్గరుంది. వాళ్ల అక్క డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు కొన్నదట. దాన్ని నాకు అరువిచ్చేటప్పుడు బెంచిమేట్ పెట్టిన షరతులు బ్యాంకు వాళ్లు ఇంటి లోనుకి కూడా పెట్టరు. పుస్తకాన్ని పూర్తిగా విప్పకూడదు, వీపు మీద గీత పడుతుంది. తింటూ చదవకూడదు. పేజీ మూల మడవకూడదు. తడి చెయ్యి తగలకూడదు. చదివేటప్పుడు చుట్టుపక్కల పెన్ను ఉండకూడదు. ఆ చివరిది విని నేను నవ్వాను కూడా.

మా స్కూల్లో బ్యాగులు చెక్ చేస్తారు. సిలబస్‌లో లేని పుస్తకం కనిపిస్తే లాగేసుకుంటారు. ఏడాది చివర తిరిగి ఇస్తారని అంటారు కానీ, తీసుకున్న వాళ్లని నేనింతవరకు చూడలేదు. అందుకని దానికి అట్ట వేశాను. మాంగా సైజు అచ్చం మా స్కూల్ డైరీ సైజే. అమ్మ జూన్‌లో పుస్తకాలన్నింటికీ వేయగా మిగిలిన బ్రౌన్ పేపర్ అటక మీద ఉంది. అట్ట వేసి, లేబుల్ అంటించి, పేరు, తరగతి, సెక్షన్ రాసి, సబ్జెక్ట్ దగ్గర 'డైరీ' అని రాశాను.

నా తెలివంతా ఆ లేబుల్ దగ్గరే పనిచేసింది. మాంగాని కుడి నుంచి ఎడమకు చదవాలి. మనకి వెనక అట్టే దానికి ముందు అట్ట. లేబుల్ అటువైపు వేస్తే పుస్తకం తేడాగా కనిపిస్తుందని, మన లెక్కలో ముందువైపు, అంటే కథ అయిపోయే వైపు అంటించాను. ఇంగ్లిష్‌లో వచ్చే మాంగాల్లో చాలావాటికి ఆ వైపు ఒక హెచ్చరిక పేజీ ఉంటుంది. ఆగండి, మీరు తప్పు వైపు నుంచి మొదలుపెడుతున్నారు అని. నేను పోసిన గమ్ముకి ఆ పేజీ కాస్తా అట్ట మడతకి అతుక్కుపోయింది. పోనీలే, ఎటునుంచి చదవాలో నాకు తెలుసు కదా అనుకున్నాను.

మంగళవారం సోషల్ సార్ మ్యాప్ పాయింటింగ్ హోంవర్క్ చూపించమన్నారు. నా దగ్గర మ్యాపే లేదు. బయట స్టేషనరీ షాపులో చిల్లరకి దొరికే అవుట్‌లైన్ మ్యాప్ మా స్కూల్లో చెల్లదు, స్కూల్ కౌంటర్లో కొన్నదే తేవాలి. కౌంటర్లో విడిగా ఇవ్వరు, యాభై మ్యాపుల కట్ట కొనాలి. ఆ కట్టలు అయిపోయి రెండు వారాలైంది. ఈ సంగతి సార్‌కి తెలుసు, కౌంటర్‌లో కూర్చునే ఆయనకి తెలుసు, ప్రిన్సిపాల్ మేడమ్‌కి తెలుసు. అయినా సరే, తేనివాళ్లం పదకొండు మందిమి లేచి నిలబడాలి.

"డైరీలు తీసుకురండి."

మా స్కూల్‌కి యాప్ ఉంది. హోంవర్క్ చేయకపోతే అందులో ఇంటికి మెసేజ్ వెళ్తుంది. అది చూడరేమోనని ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ఆ రెండూ కాక డైరీలో రాసి సంతకం తెమ్మంటారు. మా నేరాలకి మూడేసి కాపీలు తీస్తారు, మ్యాప్ మాత్రం ఒక్క కాపీ దొరకదు.

వరుసలో నేను పదకొండో మనిషిని. అప్పటికే సార్ పది డైరీల్లో ఒకే వాక్యం రాసి ఉన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసు, రాయడానికి ఆయనకి కళ్లతో పనిలేదు. కళ్లు చివరి బెంచి మీద, నోరు క్రమశిక్షణ మీద, చెయ్యి డైరీ మీద. నేను బ్యాగులోంచి బ్రౌన్ అట్ట తీసి, లేబుల్ చూసి, 'డైరీ' అని ఉందని నిర్ధారించుకుని మరీ ఇచ్చాను. ఇంత జాగ్రత్తగా నేను ఏ పనీ చేయను.

సార్ తెరిచారు. మొదటి పేజీ. అంటే చివరి పేజీ.

ఆ పేజీ ఎలా ఉంటుందో చెప్పాలి. పైన ఒకే వరుసలో నాలుగు చిన్న గడులు, మాటలతో. కింద మిగతా పేజీ అంతా ఒకటే పెద్ద బొమ్మ. మేడ మీద మంచు కురిసి ఉంటుంది, మనుషులెవరూ ఉండరు, పిట్టగోడ మీద ఒక టీ కప్పు. అంతే. మిగతాదంతా తెలుపు. ఇలా కావాలని వదిలిన ఖాళీని జపాన్ వాళ్లు 'మా' అంటారు. అది గీయడానికి బద్ధకించి వదిలిన జాగా కాదు, చదివేవాళ్లు కాసేపు ఊపిరి తీసుకోవడానికి వదిలింది. ఆ తెలుపులో ఓ మూల చిన్నగా రెండు అక్షరాలు, వాటి మధ్య ఒక గీత: షీ—న్. నిశ్శబ్దం చేసే చప్పుడు అది. నిశ్శబ్దం అని చెప్పాలంటే మనం ఓ చీమని తెచ్చి చిటుక్కుమనిపించాలి. వాళ్లకి చీమ అక్కర్లేదు, నిశ్శబ్దానికే సొంత చప్పుడు ఉంది. పన్నెండు భాగాల పరుగు, అరుపులు, పోలీసు సైరన్లు అన్నీ వచ్చి ఆ మంచులో ఆగుతాయి. అంత తెలుపు వదలడానికి ఆ గీసినాయన ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటాడో.

సార్ ఆ మంచులో ఎర్ర జెల్ పెన్నుతో 'హోంవర్క్ నాట్ డన్. పేరెంట్ సిగ్నేచర్ రిక్వైర్డ్' అని రాశారు. గీతలు లేకపోయినా గీతల మీద రాసినట్టు, తిన్నగా. కింద ఓ లైను కూడా కొట్టారు. తేదీ వేసే గడి ఎక్కడుందా అని వెతికినప్పుడు మొదటిసారి ఆయన కళ్లు పుస్తకం మీదికి వచ్చాయి.

క్లాసంతా షీ—న్.

"ఏంటమ్మా ఇది?"

"డైరీ సార్" అన్నాను. లేబుల్ మీద అదే ఉంది కదా.

సార్ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు సర్దుకుని, క్లాసు మొత్తానికి వినిపించేలా చదవడం మొదలుపెట్టారు. ఎడమ నుంచి కుడికి. ఒక్కో మాట ఇంగ్లిష్‌లో చదివి, వెంటనే తెలుగులో చెప్పి, అచ్చం పాఠం చెప్పినట్టే.

"టీ చల్లారిపోతోంది, తాగు."

తర్వాతి గడి.

"ఎందుకు?"

సార్ ఆగారు. "టీ చల్లారిపోతోంది అంటే ఎందుకు అంటాడేంటి? వెళ్లి ఫిజిక్స్ మేడమ్‌ని అడగమనండి." క్లాసు నవ్వింది.

"నేనే."

"ఓహో, ఈయన వల్ల చల్లారిందట." క్లాసు బల్లలు కొట్టింది.

"ఆ రాత్రి మేడ మీదికి వచ్చింది ఎవరు?"

"జవాబు ముందు, ప్రశ్న తర్వాత. మీ ఆన్సర్ షీట్లు చూసి రాసినట్టున్నాడు."

హైదరాబాద్‌లో ఉంటూ కుడి నుంచి ఎడమకు చదవొచ్చన్న సంగతి ఆయనకి తట్టకపోవడమే నాకు అర్థం కాదు. స్కూల్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో పొద్దున్నే నలుగురు పెద్దాయనలు ఉర్దూ పేపర్ అలాగే చదువుతారు. సార్ వాళ్ల పక్క టేబుల్ దగ్గరే కూర్చుని ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటారు, నేను రోజూ చూస్తాను. అంతెందుకు, మా తాతయ్య తెలుగు పేపరే వెనక నుంచి చదువుతారు. ముందు క్రికెట్ స్కోరు, ఆఖర్న ముఖ్యమంత్రి.

సరే, అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం ఆ నాలుగు ముక్కల్నీ మనసులో తిరగేసి చదువుకున్నాను. అలవాటు, ఆపుకోలేను. ఆ రాత్రి మేడ మీదికి వచ్చింది ఎవరు? నేనే. ఎందుకు? టీ చల్లారిపోతోంది, తాగు.

టీ.

అంటే టీ తాతయ్య. మొదటి భాగం నుంచీ వచ్చినవాళ్లందరికీ టీ కలిపిచ్చి, ఎవరు ఏడ్చినా భుజం తట్టి, ఎనిమిదో భాగంలో కుక్కపిల్ల కోసం వానలో గొడుగు లేకుండా తిరిగిన టీ తాతయ్య. ఆయనే హంతకుడు. పన్నెండో భాగంలో నేనింకా తొంభై ఏడో పేజీలో ఉన్నాను. ఆ పేజీలో ఆయన అందరికీ టీ పోస్తున్నాడు.

నా కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. సార్ దాన్ని పశ్చాత్తాపం అనుకున్నారు. గొంతు మెత్తబరిచి, "ఏడవకమ్మా. ఇలాంటివి పరీక్షలయ్యాక చదువుకోవచ్చు" అన్నారు. ఇంకేం చదువుకోమంటారు సార్? అయిపోగొట్టారుగా. ఇదంతా లోపలే అనుకున్నాను, పైకి "సరే సార్" అన్నాను.

స్టాఫ్ రూమ్‌లో జరిగింది రాయను. బెంచిమేట్ నాతో ఏం మాట్లాడిందో కూడా రాయను, మాట్లాడితే కదా. పుస్తకం చేతిలోకి తీసుకుని, ఆ పేజీ చూసి, మూసి, నా బ్యాగులోనే పెట్టేసింది. అతుక్కుపోయిన హెచ్చరిక పేజీ ఇంకా చూడలేదు. కొత్తది కొనిస్తానన్నాను. ధర 499 రూపాయలు. నా దగ్గర 140 ఉన్నాయి.

సంతకం నా అసలు డైరీలో పెట్టించుకొస్తానంటే సార్ ఒప్పుకోలేదు. రిమార్క్ ఎక్కడుంటే సంతకం అక్కడే ఉండాలి, రూల్స్ పేజీలో చూసుకో అన్నారు. చూసుకున్నాను. ఉంది. పక్కన ఫోన్ నంబర్ కూడా రాయాలని ఉంది.

ఆ రాత్రి నాన్న టీవీ మీంచి చూపు తిప్పకుండా పెన్ను తీశారు. సంతకం పెట్టబోయి ఒక్క క్షణం ఆగారు. "ఈ ఏడాది డైరీలో బొమ్మలు కూడా వేయించారా? ఫీజు అందుకే పెంచినట్టున్నారు." ఆ మాట అని, మంచులో సంతకం పెట్టి, ఫోన్ నంబర్ రాశారు. తొమ్మిది సరిగ్గా పడలేదని దాన్ని రెండుసార్లు దిద్దారు.

నిన్న సార్ సంతకం సరిచూశారు. తాము చూసినట్టు గుర్తుగా మా స్కూల్లో టీచర్లు 'సీన్' అని రాసి పొట్టి సంతకం చేస్తారు, అదీ రూలే. ఆ పేజీలో రాయడానికి మిగిలిన చోటు ఒక్కటే ఉంది, ఆ మూలన, షీ—న్ పక్కన. సార్ అక్కడ ఎర్ర పెన్నుతో, చక్కగా 'సీన్' అని రాశారు.

మ్యాపుల కట్టలు సోమవారం వస్తాయట.