గుప్తనిధి గారికి కడప నుంచి విన్నపం

మహారాజశ్రీ గుప్తనిధి గారి సముఖానికి,

కడప జిల్లా పాడుబడ్డ మిద్దెల తరఫున రాసుకున్న విన్నపం. తమరు క్షేమమనే తలుస్తాం, ఇంతవరకు ఎవరికీ దొరకలేదు కాబట్టి. ఇక్కడ మాత్రం కుశలం కాదు.

భీమిలి, బందరు వైపు సముద్రపు ఒడ్డు బంగళాలను ఉప్పుగాలి తింటుంది. తేమతో పాటు గోడలోకి దూరిన ఉప్పు, తడి ఆరగానే ఇటుక రంధ్రాల్లో పలుకు కట్టి ఉబ్బుతుంది. గార పెళ్లలుగా రాలుతుంది. కప్పులో ఇనుప దూలం ఉంటే అది తుప్పుపట్టి లావెక్కి, పక్కనున్న ఇటుకను చీలుస్తుంది. ఇదంతా జరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. మాకు సముద్రం లేదు. ఆ పనిని తమరి పేరు చెప్పి, ఒక్క అమావాస్య రాత్రిలో నలుగురు మనుషులు గడ్డపారలతో ముగిస్తున్నారు.

మా దగ్గర ఉప్పుది కాపలా ఉద్యోగం. మిద్దె కప్పు సంగతి తమకు చెప్పాలా, తరతరాలుగా దాని కిందే ఉన్నారంటారు కదా. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెలో నాపరాళ్లో పరిచి మట్టి పోసి, అన్నిటికన్నా పైన చౌడు, అంటే ఉప్పుమన్ను. చౌటినేలలో తవ్వితెచ్చిన ఆ మన్ను తడవగానే మెత్తబడి సందులన్నీ పూడ్చేస్తుంది. నీళ్లు కిందికి దిగవు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి. పోసే చేతులు బెంగళూరు బస్సెక్కాక కప్పు కారడం మొదలవుతుంది, ఆ నీళ్లు గోడలో దూరిన దూలం కొన దగ్గర నిలుస్తాయి. నడిమధ్య దూలం గట్టిగానే కనబడుతుంది. కుళ్లేది గోడలో దాగిన ఆ కొన.

అందుకే తెలిసినవాళ్లు పాత మిద్దెలో అడుగుపెట్టేముందు దూలమూ గోడా కలిసేచోట చాకుమొన గుచ్చి చూస్తారు. సులువుగా దిగిందా, వెనక్కి తిరుగుతారు. వాన వెలిసిన నాలుగైదు రోజుల దాకా అసలు ఆ ఛాయలకే పోరు, తడిసిన మట్టికప్పు బరువు అప్పుడే ఎక్కువ. తమరి భక్తులు వాన పడిన మర్నాడే వస్తారు. నేల మెత్తగా ఉంటుందట.

ఇక వాళ్ల శాస్త్రం. గునపంతో నేలను తట్టి, “డొల్లగా మోగుతాండాది రా” అన్నారంటే తమరు దొరికినట్టే. ఆ డొల్ల చాలాచోట్ల జొన్నల పాతర. నోరు సన్నం, లోపల వెడల్పు. ఇంట్లోనో వాకిట్లోనో పాతర తవ్వి గింజలు దాచుకోవడం సీమలో పాత అలవాటు. మూసి ఉన్న పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది. మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దించి చూసి, అది ఆరిపోతే పెద్దలు దిగేవాళ్లు కాదు. తమ కోసం వచ్చినవాళ్లకు అంత తీరికేది? ఒకడు దిగి కూలబడితే, వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగుతాడు.

పాము కనబడితే అది తమరి కావలి. ఎలుకల కోసం వచ్చానని పాపం అది చెప్పుకోలేదు. ఈమధ్య మెటల్ డిటెక్టర్ కూడా వచ్చింది. తలుపు చీలకు మోగుతుంది, ఎద్దు నాడాకు మోగుతుంది, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి మీద ఊరికే మోగుతుంది. మోగినచోటల్లా తమరుంటే అనంతపురం జిల్లా సగం తమరే.

అన్నిటికన్నా మాకు నొప్పి తవ్వేచోటు. ఈశాన్యం మూల, పొయ్యి అడుగు, గడప కింద. మూలంటే రెండు గోడలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడే చోటు. పాత రాతిగోడ ఒకే ముద్ద కాదు. లోపలా బయటా రెండు వరసల రాళ్లు, నడుమ గులకరాళ్లూ మట్టీ. పునాది పక్కన నడుములోతు గుంత తీస్తే గోడ వెంటనే పడదు, మర్యాద గలది. తొలి వానకు గుంత నిండుతుంది, అడుగు మట్టి జారుతుంది, బయటి వరస పొట్టలా ముందుకొస్తుంది, నడుమ నింపిన మట్టి కిందికి దిగిపోతుంది. అప్పుడు పడుతుంది. ఊళ్లో “పాతదై పడింది” అంటారు. గడపరాయి పీకితే ద్వారబంధం దిగి, దాని పై మూల నుంచి ఏటవాలుగా పగులు లేస్తుంది. ఆ పగులు ఇంకా కదులుతోందో లేదో చూడాలంటే దాని మీద అడ్డంగా సన్నటి గాజుపలక అతికించి తేదీ రాస్తే చాలు, కదిలితే గాజు విరుగుతుంది.

ఈ వ్యవహారంలో తెలివైనవాడు స్వామి ఒక్కడే. నిమ్మకాయలకు, కోడికి, మంత్రానికి అడ్వాన్సు ముందే పుచ్చుకుంటాడు. నిధిలో వాటా మాత్రం అడగడు.

తమరు పూర్తిగా కల్ల అనడం లేదు. బ్యాంకు లేని రోజుల్లో, దండు ఎప్పుడొచ్చి పడుతుందో తెలియని చోట, జనం సొమ్ము భూమిలోనే దాచారు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో దొర దత్తమండలాల, అంటే ఇప్పటి సీమ వైపు, కలెక్టరుగా ఉండి పాలెగాళ్ల ఆట కట్టించాడు, ఆ కాలం నుంచి తమరి కథలు చాలా పుట్టాయంటారు. కానీ ఇల్లు వదిలి పోతూపోతూ టేకు దూలాలు, చెక్కిన తలుపులు కూడా విప్పి బండికెత్తుకున్నవాళ్లు బంగారం మరిచిపోయారని ఎలా నమ్మమంటారు?

కాబట్టి మా మనవి: బయటపడే ఉద్దేశం ఉంటే పగలే, కలెక్టరాఫీసు వేళల్లో దయచేయండి. 1878 నాటి గుప్తనిధుల చట్టం ఇంకా ఉంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసివ్వాలి. హక్కుదారు ఎవరూ లేరని తేలి, ముందస్తు ఒప్పందమేమీ లేకపోతే, దొరికినవాడికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. దాచిపెడితే ఏడాది దాకా జైలు. గండికోట, సిద్ధవటం లాంటి రక్షిత కోటల్లో గోడకు చేటు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జుర్మానా, లేదా రెండూ. ఒప్పుకుంటే ముప్పాతిక, దాస్తే జైలు అని చట్టం చెబుతుంటే, తమరి భక్తులు అమావాస్యకే మొగ్గుతున్నారు.

ఇట్లు,
తమరి గుంతలు పూడ్చేవాళ్లం

తా.క. పూడ్చడం గురించి. తవ్విన మట్టిని ఒక్కసారిగా తోసేస్తే వానకు కుంగి మళ్లీ నీళ్లు నిలుస్తాయి. జానెడు మందాన పోసి, నీళ్లు చిలకరించి, దిమ్మిసతో కొట్టి, ఆపైనే రెండో పొర. పైన గోడ నుంచి బయటికి వాలు పెట్టాలి. సిమెంటు వద్దు, తేమను గోడలోనే బిగించేస్తుంది. ఇది ఒకసారి తవ్విన గుంతేనని ముందుముందు వచ్చేవాళ్లకు తెలియడానికి అడుగున ఈ ఏటి రూపాయి బిళ్ల ఒకటి వేస్తున్నాం. ఇకమీదట ఎవరు తవ్వినా ఉత్తచేతులతో పోరు.