‘ఆన్‌లైన్ పోల్‌లో 90 శాతం’: ఆ ఫార్వర్డ్‌లో ఒక్కో వాక్యానికీ జవాబు

2024 సెప్టెంబర్ 10 రాత్రి 9 గంటలకు ఫిలడెల్ఫియాలో కమలా హారిస్, డొనాల్డ్ ట్రంప్ డిబేట్ మొదలైంది. అప్పటికి మనకు 11వ తేదీ పొద్దున్న ఆరున్నర. ఇక్కడ ఆఫీసులకు బయల్దేరే వేళకే ఎవరు గెలిచారో తీర్పులు వాట్సాప్‌లోకి దిగిపోయాయి. రకరకాల రూపాల్లో తిరిగిన ఒక వాదన సారాంశం ఇది: ‘ఆన్‌లైన్ పోల్స్‌లో లక్షలమంది ఓటేస్తే ట్రంప్‌కి 90 శాతం వచ్చింది. సీఎన్‌ఎన్ మాత్రం 605 మందిని అడిగి హారిస్ గెలిచిందంటోంది. వాళ్లంతా డెమొక్రాట్లే. అయినా ఎవరి మనిషి వాళ్లకి గెలిచినట్టే కనిపిస్తాడు, ఈ సర్వేలకు అర్థం లేదు. టీవీ చేసే మాయ 1960లోనే తేలింది, రేడియో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారు.’ నవంబర్ ఫలితాల తర్వాత దీనికి ఒక తోక కూడా చేరింది: ‘సర్వే నిజమైతే ఆమె ఎందుకు ఓడింది?’

ఇందులో కొంత నిజం ఉంది. అందుకే ఇంత బాగా తిరిగింది.

‘లక్షల ఓట్ల ముందు 605 మంది ఎంత?’

ముందు ఆ లక్షలు ఎలా పోగవుతాయో చూద్దాం. వెబ్‌సైట్‌లో పెట్టే పోల్ మనిషిని గుర్తుపట్టదు, బ్రౌజర్‌ని గుర్తుపడుతుంది. ఓటేయగానే మీ ఫోన్‌లో కుకీ అనే చిన్న ఫైల్ వదిలిపెడుతుంది. మళ్లీ వస్తే ఆ ఫైల్ చూసి ఆపుతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో ఆ ఫైల్ కనబడదు కాబట్టి రెండో ఓటూ పడుతుంది. ఐపీ అడ్రస్ చూసి ఆపే సైట్లకూ విరుగుడు ఉంది. మొబైల్ డేటా ఆపి మళ్లీ పెడితే చాలాసార్లు కొత్త అడ్రస్ వస్తుంది, అసలు అడ్రస్‌ను దాచిపెట్టే వీపీఎన్ ఉంటే ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ఎక్స్‌లో పెట్టే పోల్‌కి అకౌంట్ కావాలి గానీ ఆ అకౌంట్ అమెరికా ఓటరుదేనా అని ఎవరూ అడగరు. పెన్సిల్వేనియా ఓటరు నొక్కినా, గుంటూరులో టిఫిన్ చేస్తూ ఎవరో నొక్కినా లెక్కలో ఒకటే. అసలు డిబేట్ చూడనివాడు నొక్కినా ఒకటే.

దీనికి తోడు సమీకరణ. 2016 సెప్టెంబర్ 26న హిల్లరీ క్లింటన్‌తో ట్రంప్ తొలి డిబేట్ అయ్యాక, రెడిట్, ఫోర్‌చాన్ అనే చర్చా వెబ్‌సైట్లలో ట్రంప్ అభిమానులు పోల్ లింకులు పంచుకుని మూకుమ్మడిగా ఓట్లేశారు. ఆ అంకెలనే ట్రంప్ తన గెలుపుగా చూపించారు. అప్పుడు ఫాక్స్ న్యూస్‌లో సర్వేల వ్యవహారం చూసే డానా బ్లాంటన్ తమ సిబ్బందికే మెమో పంపారు, ఇలాంటి పోల్స్ మన ప్రమాణాలకు సరిపోవని. ఈ మాట చెప్పింది ప్రత్యర్థి చానెల్ కాదని గమనించండి.

సర్వే అంటే అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడడమే అని అందరూ చెప్పే పోలిక. ఆ మెతుకు ఎవరు తీశారన్నదే అసలు సంగతి. ఆన్‌లైన్ పోల్‌లో మెతుకుల్ని ఎవరూ తీయరు, అవే ఎగిరొచ్చి కంచంలో పడతాయి. ఎగిరే ఓపిక ఉన్నవి ఎటువంటివో ఊహించుకోవచ్చు.

అంకె పెద్దదైతే ఈ దోషం తగ్గుతుందనుకోవడం పాత పొరపాటు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటి ప్రకారం రూజ్‌వెల్ట్ ప్రత్యర్థి ఆల్ఫ్ లాండన్ 57 శాతంతో గెలవాలి. అసలు ఎన్నికలో రూజ్‌వెల్ట్‌కి 60 శాతం దాటి వచ్చింది. డిబేట్ల విషయంలో ఇదే ముచ్చట 1980లో జరిగింది. అక్టోబర్ 28న కార్టర్, రీగన్ డిబేట్ అయ్యాక ఏబీసీ టీవీ చానెల్ ఒక్కో అభ్యర్థికి ఒకటి చొప్పున రెండు ఫోన్ నంబర్లిచ్చి, కాల్‌కి 50 సెంట్లు పెట్టింది. సుమారు 7 లక్షల కాల్స్ వచ్చాయి, రీగన్‌కి రెండింతలు. మరో చానెల్ సీబీఎస్, పద్ధతి ప్రకారం ఎంచుకున్నవాళ్లకు తనే ఫోన్ చేసి అడిగితే తేలింది రీగన్‌కి 44, కార్టర్‌కి 36. గెలిచినవాడి పేరు ఒకటే, కానీ మొదటిది ప్రభంజనమంటోంది, రెండోది ఓ మోస్తరు ఆధిక్యమంటోంది. డబ్బులు పెట్టి కాల్ చేసేవాడు మామూలు ప్రేక్షకుడు కాడు మరి.

ఇక 605. పూర్తిగా యాదృచ్ఛికంగా తీసిన నమూనాకి గరిష్ఠ పొరపాటు లెక్క సులువు: 98ని నమూనా సంఖ్య వర్గమూలంతో భాగించాలి. 605 వర్గమూలం 24.6, కాబట్టి ప్లస్ ఆర్ మైనస్ 4 వస్తుంది. సీఎన్‌ఎన్ ప్రకటించింది మాత్రం 5.3. ఈ తేడా వెయిటింగ్ వల్ల. నమూనాలో కుర్రవాళ్లో, తక్కువ చదివినవాళ్లో తగ్గితే ఉన్నవాళ్ల జవాబులకు బరువు పెంచుతారు, ఆ పెంపుకి మూల్యం పొరపాటు పెరగడం. వెనక్కి లెక్కేస్తే ఆ 605 మంది 340 మందితో సమానం. ఇద్దరి మధ్య తేడా చూసేటప్పుడు పొరపాటు దాదాపు రెట్టింపు వేసుకోవాలి, అంటే 10.6. హారిస్ 63, ట్రంప్ 37, తేడా 26. పొరపాటు అంతా ట్రంప్ వైపే వేసినా మిగిలేది హారిస్ ఆధిక్యమే. తేడా 8 ఉండి ఉంటే ఈ ఫార్వర్డ్‌తో మాకు పేచీ ఉండేది కాదు.

‘వాళ్లంతా డెమొక్రాట్లే’

కాదు. సీఎన్‌ఎన్ కోసం ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ సంస్థ చేసిన ఈ సర్వేలో, డిబేట్ చూస్తామన్న రిజిస్టర్డ్ ఓటర్లను ముందే గుర్తించి, ముందొకసారీ అయ్యాక మరోసారీ అదే మనుషుల్ని మెసేజ్ ద్వారా అడిగారు. ఎవరు బాగా చేస్తారని డిబేట్‌కి ముందు అడిగితే సరిగ్గా సగం సగం చీలారు. అంతేకాదు, ఆ గుంపులో డెమొక్రాట్ల కంటే రిపబ్లికన్ మొగ్గున్నవాళ్లే కాస్త ఎక్కువ.

జూన్ 27 సంగతి ఫార్వర్డ్‌లో ఎందుకు లేదో మరి. అట్లాంటాలో బైడెన్ తడబడిన రాత్రి ఇదే చానెల్, ఇదే సంస్థ, ఇదే పద్ధతిలో 565 మందిని అడిగితే ట్రంప్ 67, బైడెన్ 33. అప్పుడు ఆ సర్వేను గొప్పగా పంచుకున్నదీ, దానికి వంకలు వెతికిందీ ఎవరో గుర్తు తెచ్చుకోండి. సెప్టెంబర్‌కి పాత్రలు తారుమారయ్యాయి, వంకలు మాత్రం అవే.

అయితే ఈ అభ్యంతరం నిజంగా చెల్లిన సందర్భం ఒకటుంది. 2016 తొలి డిబేట్ సర్వేలో ప్రేక్షకుల్లో 41 శాతం డెమొక్రాట్లు, 26 శాతం రిపబ్లికన్లు. ఆ మొగ్గును సీఎన్‌ఎన్ అప్పుడే చెప్పింది కూడా. అలాంటప్పుడు ఏం చేయాలి? తేడాలోంచి పార్టీల తేడా తీసేసి చూడాలి. క్లింటన్ 62, ట్రంప్ 27, తేడా 35. పార్టీల తేడా 15. అందరూ కళ్లు మూసుకుని తమ పార్టీకే జై కొట్టినా ఆ 15 ఎలాగూ వచ్చేది. మిగిలిన 20 డిబేట్ వల్ల వచ్చింది. ముతక లెక్కే, కానీ సర్వేని చెత్తబుట్టలో వేయడం కంటే మేలు.

‘ఎవరి మనిషి వాళ్లకి గెలిచినట్టే’

ఇది చాలావరకు నిజం. పరిశోధనలన్నీ చెప్పేది అదే. గొడవంతా ‘కాబట్టి అర్థం లేదు’ అనే తోకతోనే. నిజానికి సర్వేలో చూడాల్సిన అంకె మొదటి పేజీలో ఉండదు, లోపలి పట్టికలో ఉంటుంది: సొంత మనుషుల్లో ఎంతమంది ఒప్పుకోలేదు?

2024 సెప్టెంబర్‌లో హారిస్ మద్దతుదారుల్లో 96 శాతం తమ అభ్యర్థే మెరుగన్నారు. ట్రంప్ మద్దతుదారుల్లో తమవాడే మెరుగన్నది 69 శాతం. అంటే ట్రంప్‌కి ఓటేస్తామంటున్నవాళ్లలోనే పదిమందిలో ముగ్గురు ఆ రాత్రి ఆయనది కాదన్నారు. వాళ్లకు అలా చెప్పడం వల్ల వచ్చే లాభమేమీ లేదు. ఆ ముగ్గురి మాట, ఆ 96 మంది మాట కంటే విలువైనది.

ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ 2012 అక్టోబర్ 3, డెన్వర్. ఒబామా తలొంచుకుని నోట్స్ రాసుకుంటూ కూర్చున్నట్టు కనిపించిన రాత్రి. గాలప్ అనే సర్వే సంస్థ అడిగితే చూసినవాళ్లలో 72 శాతం రిపబ్లికన్ ప్రత్యర్థి రోమ్నీ గెలిచారన్నారు, 20 శాతం ఒబామా అన్నారు. పట్టికలోకి దిగితే రిపబ్లికన్లలో 97–2, ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంట్లలో 70–19. డెమొక్రాట్లలో? 49–39, అదీ రోమ్నీ వైపే. పార్టీ అభిమానం కళ్లకు గంతలు కడితే ఈ మూడో అంకె పుట్టేదే కాదు.

అభిమానం ఒక్కటే కాదు, పక్కవాళ్ల స్పందన కూడా మన తీర్పులోకి దూరుతుంది. 1984 అక్టోబర్ 21న కాన్సస్ సిటీలో 73 ఏళ్ల రీగన్‌ని వయసు గురించి అడిగితే, నా ప్రత్యర్థి కుర్రతనాన్ని, అనుభవలేమిని రాజకీయానికి వాడుకోను అన్నారు. హాలు ఘొల్లుమంది, ఆ ప్రత్యర్థి మాండేల్ కూడా నవ్వారు. తర్వాత పరిశోధకులు ఆ వీడియోని మూడు రకాలుగా చూపించారు: ఉన్నదున్నట్టు, జోకు తీసేసి, జోకు ఉంచి హాలు నవ్వు మాత్రం తీసేసి. రీగన్‌కి అన్నింటికంటే తక్కువ మార్కులు పడింది మూడోదానిలో. నవ్వు పుట్టని జోకు అసలు జోకు లేకపోవడం కంటే చేటు చేసింది. 2024లో రెండు డిబేట్లకూ స్టూడియోలో ప్రేక్షకుల్ని కూర్చోబెట్టలేదు. ఈ ఒక్క విషయంలో ఆ సర్వేలు పాతవాటి కంటే నయం. ఇంట్లో బావగారు పక్కన కూర్చుని కేకలేస్తే దానికెవరూ ఏమీ చేయలేరనుకోండి.

‘మరి ఎందుకు ఓడింది?’

ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడగలేదు. డిబేట్ ఎవరిది అన్నది ఒక ప్రశ్న, ఓటు ఎవరికి అన్నది వేరే ప్రశ్న. అదే సర్వేలో 82 శాతం ఈ డిబేట్ వల్ల మా ఓటు మారదన్నారు. మనసు మార్చుకున్నామన్నవాళ్లు 4 శాతం. ఆర్థిక వ్యవస్థను ఎవరు బాగా నడుపుతారంటే, డిబేట్ చూశాక కూడా వాళ్లే ట్రంప్ అన్నారు, అదీ సుమారు 20 పాయింట్ల ఆధిక్యంతో. ఓటమికి కారణం ఆ సర్వేలోనే ఉంది, మొదటి అంకె దగ్గరే ఆగిపోయినవాళ్లకు కనపడలేదంతే. హారిస్ వైపు 63ని చూసి నవంబర్ ఫలితంగా చదువుకున్నవాళ్లు చేసిందీ ఇదే తప్పు. డెన్వర్‌లో 72 తెచ్చుకున్న రోమ్నీ ఓడారు, 2016లో 27 తెచ్చుకున్న ట్రంప్ గెలిచారు.

‘1960లోనే తేలింది’

ఈ కథ పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. 1960 సెప్టెంబర్ 26న షికాగోలోని సీబీఎస్ స్టూడియోలో కెనడీ, నిక్సన్ డిబేట్. మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చిన నిక్సన్ చిక్కిపోయి ఉన్నారు, సరైన మేకప్ వద్దని గడ్డం నీడ కప్పే పౌడర్ ఒకటి పూసుకున్నారు. బూడిదరంగు సూటు వెనకున్న సెట్‌లో కలిసిపోయింది. కెనడీ నల్లని సూటులో తాజాగా కనిపించారు. ఇదంతా నిజమే. రేడియో విన్నవాళ్లకు నిక్సన్, టీవీ చూసినవాళ్లకు కెనడీ గెలిచినట్టనిపించిందన్నదే తేలాల్సిన మాట.

దానికి ఆధారంగా చూపే చెప్పుకోదగ్గ సర్వే ఒక్కటే, సిండ్లింగర్ సంస్థది. అందులో రేడియో శ్రోతలు 282 మంది. నిక్సన్‌కి 48.7 శాతం, కెనడీకి 21. టీవీ ప్రేక్షకుల్లో కెనడీకి 30.2, నిక్సన్‌కి 28.6. రెండో జత అంకెలు మళ్లీ చదవండి. తేడా 1.6. టీవీ చూసినవాళ్లు కెనడీ గెలిచాడన్నారనే సగం కథ, ఏ సర్వే పేరు చెబుతున్నారో ఆ సర్వేలోనే లేదు.

రేడియో వైపు తేడా పెద్దదే. అయితే ఆ శ్రోతలెవరు? 1960 నాటికి అమెరికాలో పదిళ్లలో దాదాపు తొమ్మిదింట టీవీ ఉంది. మిగిలిన ఇళ్లలో పల్లెటూళ్లవి, ప్రొటెస్టెంట్లవి ఎక్కువ. కెనడీ క్యాథలిక్ కావడం ఆ ఎన్నికలో ఎంత పెద్ద గొడవో తెలిసిందే. అంటే డిబేట్ మొదలవకముందే ఆ గుంపు నిక్సన్ వైపు ఒరిగి ఉండవచ్చు. ఎవరికి ఓటేద్దామనుకుంటున్నారని ముందు అడిగి ఉంటే వడగట్టేవాళ్లం, 2024లో అడిగినట్టు. 1987లో వాన్సిల్, పెండెల్ అనే పరిశోధకులు ఈ లోపాలన్నీ విప్పి చూపించారు.

దృశ్యానికి ప్రభావమే లేదని మాత్రం అనలేం. 2003లో డ్రక్‌మన్ అనే పరిశోధకుడు ఆ డిబేట్‌నే 171 మందిపై ప్రయోగించారు, కొందరికి వినిపించి, కొందరికి చూపించి. ఎవరు ఏ గుంపులో ఉండాలో శ్రోతలు ఎంచుకోలేదు కాబట్టి సిండ్లింగర్ చిక్కు లేదు. చూసినవాళ్లలో కెనడీ గెలిచాడన్నవాళ్లు నిజంగానే ఎక్కువ తేలారు. అంటే ఊహ సరైనదే, దానికి చూపించే రుజువే తప్పు. అయినా దాన్ని 2024కి అంటించలేం. సీఎన్‌ఎన్ సర్వే టీవీ చూసినవాళ్లు ఏమనుకున్నారో చెబుతానంది, అదే చెప్పింది.

ఫార్వర్డ్ రాసినవాళ్లు పట్టుకోవాల్సిన బలహీనత వేరే ఉంది, దాన్ని వదిలేశారు. 1976 అక్టోబర్ 6న శాన్ ఫ్రాన్సిస్కోలో కార్టర్‌తో డిబేట్‌లో అధ్యక్షుడు ఫోర్డ్, తూర్పు యూరప్‌పై సోవియట్ ఆధిపత్యం లేదన్నారు. ఆ రాత్రి ఫోర్డ్ ప్రచార బృందం సర్వేయర్లు ఫోన్ చేస్తే ఫోర్డే బాగా మాట్లాడారని ఎక్కువమంది చెప్పారు, ఆ మాటను తప్పుగా ఎత్తిచూపినవాళ్లు లేరనే చెప్పాలి. పత్రికలూ టీవీలూ దాన్ని పట్టుకుని ఆడుకున్నాక, మర్నాడు సాయంత్రానికి కొత్తగా అడిగినవాళ్లలో కార్టర్‌కి భారీ ఆధిక్యం. డిబేట్ అదే, ఒక్క అక్షరం మారలేదు. ‘605 మందిని ఎందుకు అడిగారు’ అనే బదులు, ‘అదే 605 మందిని మూడో రోజు మళ్లీ ఎందుకు అడగలేదు’ అని ఉంటే ఆ ఫార్వర్డ్‌కి జవాబు చెప్పడం ఇంత సులువయ్యేది కాదు.