చప్పట్లకో ప్లేటు

నారాయణగూడలో వాన పట్టుకుంది. ఐదో క్లాసు చదివే మా అమ్మాయీ నేనూ ఓ ఇరానీ హోటల్లోకి దూరాం. వాన వెలిసేలోగా హోంవర్కు కానిచ్చేద్దామన్నాను. తప్పు నాదే.

ఇంగ్లీషు మాటలో ఎన్ని సిలబుల్స్, అంటే పలికే ముక్కలు, ఉంటే అన్ని చప్పట్లు కొట్టాలట. ముక్కకో అచ్చు శబ్దం ఉంటుందట. ఇంతేనా అనుకున్నాను. పదో తరగతిలో ఉత్పలమాలకి భ-ర-న-భ-భ-ర-వ అని గణాలు కట్టినవాణ్ని, పాదానికి 20 అక్షరాలు లెక్క తప్పనివాణ్ని.

"కేక్!" అంది గట్టిగా.

"కే, కు." రెండు చరిచాను.

"ఒకటే నాన్నా. కు ఎక్కణ్ణుంచొచ్చింది?"

ఎక్కణ్ణుంచొస్తుంది, మన నాలుక మీంచే. బస్సైనా, కారైనా, బల్బైనా చివర ఓ ఉకారం తగిలించనిదే గడప తొక్కనివ్వం. ఈ సంగతి వివరిస్తుంటే బల్ల మీదకి రెండు కేకులొచ్చాయి. పిల్ల సైగ చేసిందేమో అనుకున్నాను.

"బిస్కెట్!"

బి, స్కె, ట్టు. నేను మూడు. "రెండే!" అంటూ తను రెండు. ఐదు ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి.

"మేం అడగలేదే!"

"పాంచ్ బార్ తాలీ బజాయే నా సాబ్?" ఐదు చప్పట్లు కొట్టారుగా అన్నాడు వెయిటరు.

నాకు వెలిగేలోపే మా పిల్ల "బాటిల్!" అని రెండు చరిచేసింది. రెండో ముక్కలో అచ్చే పలకదట, ఆ ల్ ఒక్కటే అచ్చు పని చేసేస్తుందట. ఇందాకే కదా ముక్కకో అచ్చంది! హల్లుకి అచ్చు ఉద్యోగం ఇస్తే మా తెలుగు మాస్టారు బెత్తం తీసేవారు. నేనింకా వాదిస్తూనే ఉన్నాను, రెండు నీళ్ల బాటిళ్లు దిగాయి.

పిల్ల చేతులు రెండూ పట్టుకున్నాను. "ఇంకొక్కటే నాన్నా, స్టార్ గుర్తు పెట్టిన మాట," అని విడిపించుకుంది.

"స్ట్రెంగ్త్స్!"

రాతలో తొమ్మిది అక్షరాలు. నోట్లో ముందు స్, ట్, ర్ ముగ్గురు. వెనక ఙ్, క్, థ్, స్ నలుగురు. అచ్చం సెవెన్ సీటర్ ఆటో. మధ్యలో డ్రైవరు ఎ ఒక్కడే. నేను వేళ్ల మీద నాలుగు దాకా లెక్కపెట్టాను. పిల్ల ఒక్కటే చప్పట చరిచింది, హోటలంతా తిరిగి చూసేలా.

వెయిటరు వచ్చి కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"వో ఖతమ్ హో గయా సాబ్."