పార్కిన్సన్స్‌లో వణుకునే చూస్తున్నాం, పేగును అడగడం లేదు

కోనసీమలో పెద్దాయన చేయి వణకడం మొదలుపెడితే ఇంట్లోవాళ్లు వెంటనే కాకినాడ తీసుకెళ్తారు. అదే మనిషి ఏళ్ల తరబడి మలబద్ధకంతో అవస్థ పడుతున్నా విరేచనం మాత్రతో సరిపెడతారు. ఈ రెండూ పార్కిన్సన్స్ అనే ఒకే నాడీ జబ్బుకు ముందూ వెనకా కావచ్చన్న అనుమానం వైద్యశాస్త్రానికి కొత్తది కాదు. ఈ జబ్బుకు పేరిచ్చిన ఇంగ్లండ్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాసిన వ్యాసంలోనే పేగుల మందకొడితనం ప్రస్తావన ఉంది.

ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ పేగుల నాడుల్లో ముద్దకట్టి, పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడి వెంట పైకి పాకుతుందని జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం 2003లో ప్రతిపాదించింది. అమెరికాలోని హొనొలులులో ఏళ్ల తరబడి పురుషులను గమనించి 2001లో వెలువరించిన అధ్యయనంలో, రోజుకు ఒకసారైనా విరేచనం కానివారికి, ఒకసారి అయ్యేవారికన్నా ఈ జబ్బు ముప్పు 2.7 రెట్లుగా తేలింది. అయితే మలబద్ధకం ఉన్నవారిలో అత్యధికులకు పార్కిన్సన్స్ రాదు, కొందరు రోగుల్లో మార్పులు మెదడులోనే మొదలవుతున్నట్టూ కనిపిస్తోంది. కాబట్టి పేగే మూలమని తీర్పు చెప్పడం తొందరపాటే. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను రోగుల పేగుల్లోకి ఎక్కించిన ప్రయోగాల సంగతీ అంతే: 2024లో వెలువడిన రెండింటిలో బెల్జియంలో కొద్దిపాటి మెరుగు కనిపించింది, ఫిన్లాండ్‌లో కనిపించలేదు. పేగుకు మేలు చేసే సూక్ష్మజీవులంటూ ప్రోబయోటిక్ పొడులు అమ్మేవారు ఈ రెండో సంగతి చెప్పరు.

మూలం ఎక్కడున్నా, చికిత్సలో మాత్రం పేగు పాత్రపై సందేహం లేదు. ప్రధాన మందు లెవోడోపా చిన్నపేగులోనే ఒంటికి పడుతుంది, మాంసకృత్తుల నుంచి వచ్చే కొన్ని అమైనో ఆమ్లాలూ అదే దారిలో పోటీపడతాయి. పప్పన్నం, చేపల పులుసు, చివర గడ్డపెరుగు తిని ఆ వెంటనే మాత్ర వేసుకున్న పెద్దాయనకు గంట గడిచినా చొక్కా గుండీ పెట్టుకోవడం రాకపోతే, మందు పనిచేయట్లేదనుకుని డోసు పెంచడం సరికాదు. డాక్టరు చెబితే భోజనానికి అరగంట ముందు వేసుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది. అలాగని చేపలు మాన్పించకూడదు, అసలే బక్కచిక్కిన ఒళ్లు. మలబద్ధకం ముదిరితే మందు ఒంటపట్టడమూ తడబడవచ్చు కనుక దానికి వైద్యం చేయించడం చిన్న విషయమేమీ కాదు.

తాకితే దురద పెట్టే దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. ఆ పొడిని మాత్రలకు తోడు గుట్టుగా వాడితే మోతాదు పెరిగి, ఒళ్లు తనకు తానే మెలికలు తిరగవచ్చు. అది వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.