చరిత్రకు ర్యాంకులు వేస్తే యల్లాప్రగడ సుబ్బారావు ఎన్నో స్థానం?

అమెరికా శాస్త్రవేత్త మైకేల్ హార్ట్ 1978లో మానవ చరిత్రను ఎక్కువగా ప్రభావితం చేసిన వంద మందికి ర్యాంకులు వేశాడు. మొదటి స్థానం మహమ్మద్ ప్రవక్తకు, రెండోది న్యూటన్‌కు, మూడోది ఏసుక్రీస్తుకు, నాలుగోది బుద్ధుడికి. నలభై ఏళ్లు దాటినా ఆ జాబితా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. ఎప్పుడు వచ్చినా గొడవంతా మొదటి మూడు పేర్ల దగ్గరే. నన్ను ఆపింది మాత్రం ఏడో పేరు, కాయ్ లున్. క్రీ.శ. 105లో కాగితం తయారీ పద్ధతిని చైనా చక్రవర్తికి విన్నవించిన ఆస్థాన ఉద్యోగి ఆయన. అచ్చుయంత్రం తెచ్చిన గుటెన్‌బర్గ్‌ది ఎనిమిదో స్థానం. చవగ్గా కాగితం దొరక్కపోతే అచ్చుయంత్రం ఉండీ లాభం లేదు కాబట్టి ఆ వరస సరైనదే. శుభలేఖ నుంచి పట్టాదారు పాస్‌బుక్ దాకా అన్నీ కాగితం మీదే నడిచిన మన ఇళ్లలో కాయ్ లున్ పేరు విన్నవాళ్లు ఎందరు? పేరు మోగడం వేరు, ప్రభావం చూపడం వేరు అని హార్ట్ అక్కడ గట్టిగా చెప్పగలిగాడు.

మిగతా చోట్ల ఆ పట్టు జారింది. వంద మందిలో ఆడవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ రాణులే. మన దేశం నుంచి బుద్ధుడు కాక 53వ స్థానంలో అశోకుడు, 100వ స్థానంలో మహావీరుడు ఉన్నారు. గాంధీకి చోటు దక్కలేదు. సోవియట్ యూనియన్ కూలిన మరుసటి ఏడాదే, 1992లో, జాబితాను సవరించి ఆ దేశ చివరి అధ్యక్షుడు గోర్బచేవ్‌ను చేర్చాడు. అప్పటి హెడ్‌లైన్ల వేడి ఆ నిర్ణయంలో కనిపిస్తూనే ఉంది.

లెక్కలతో చేస్తే ఈ ఇబ్బంది ఉండదనుకున్నవాళ్లూ ఉన్నారు. 2013లో ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిష్ వికీపీడియా సమాచారాన్ని కంప్యూటర్‌కు ఇచ్చి ర్యాంకులు తీస్తే ఏసు, నెపోలియన్, మహమ్మద్ ప్రవక్త, షేక్‌స్పియర్, లింకన్ అని వరస వచ్చింది. ఇంగ్లిష్‌లో ఎవరి గురించి ఎక్కువ రాశారో, ఎక్కువ చదివారో వాళ్లే పైకి వచ్చారు. ఒకప్పటి ఎంసెట్‌లో అందరికీ ఒకటే ప్రశ్నపత్రం ఉండేది. ఇక్కడ ర్యాంకులు వేసేవాళ్లే పేపర్ తయారు చేసుకుంటున్నారు, అదీ తమ భాషలో, తమకు తెలిసిన సిలబస్‌లో.

అలాగని ర్యాంకులే వద్దనను. ఎవరి వల్ల మన బతుకు మారిందో తేల్చుకోవడం అవసరమైన పనే. కాకపోతే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ మనిషి లేకపోతే ఆ పని ఎంత ఆలస్యమయ్యేది? ఆ ఆలస్యానికి ఎంతమంది బలయ్యేవారు? పరిణామ సిద్ధాంతం విషయంలో డార్విన్ గురించి ఇలా అడిగితే, విడిగా అదే ఆలోచనకు వచ్చిన వాలెస్ గుర్తుకొస్తాడు. 1858లో ఇద్దరి పరిశోధనలనూ ఒకేసారి చదివి వినిపించారు. కలన గణితాన్ని (కాల్క్యులస్) న్యూటన్‌తో పాటు లైబ్నిట్జ్ కూడా విడిగా కనిపెట్టాడు.

ఇదే ప్రశ్నను మన హైదరాబాద్‌కు తెచ్చి చూద్దాం. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని ఓ చిన్న భవనంలో రోనాల్డ్ రాస్ దోమను కోసి, మైక్రోస్కోప్ కింద దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. అది మామూలు దోమ కాదు, అనాఫిలిస్ రకం. పెంచిన దోమల చేత మలేరియా ఉన్న హుస్సేన్ ఖాన్ అనే మనిషిని కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. రాస్ లేకపోయినా ఈ సంగతి త్వరలోనే బయటపడేది, ఎందుకంటే 1898లోనే ఇటలీలో గ్రాసీ బృందం మనుషుల్లో మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని చూపించింది. కాబట్టి నా కొలతలో రాస్ కొంచెం కిందికి జారతాడు. హుస్సేన్ ఖాన్‌కు అసలు కొలతే లేదు. ఆయన రక్తం తాగిన దోమలు లేకపోతే ఆ రోజు మైక్రోస్కోప్ కింద చూడటానికి ఏమీ ఉండేది కాదు. ఏ ర్యాంకుల పట్టికలోనూ ఇలాంటి వాళ్ల కోసం గడి ఉండదు. ఇది చిన్న లోపం కాదని నా నమ్మకం.

మూసీ కథ ఇంకో రకం. 1908 సెప్టెంబరు 28 వరదలో నగరం మునిగి వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువనే జలాశయాలు కట్టి వరదను ఆపమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే తాగునీళ్లూ ఇచ్చాయి. ఘనత ఇంజినీరుదా, డబ్బు పెట్టిన నిజాందా, రాళ్లు మోసిన కూలీలదా? ఒక్క పేరు రాసి ఊరుకుంటే అబద్ధం రాసినట్టే అవుతుంది.

ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు కూడా ర్యాంకుల పట్టికే. 1980లలో ఎన్టీఆర్ హయాంలో పెట్టిన ఆ వరసలో కవులు, రాజులు, సంస్కర్తలు ఎక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ లాంటి వాళ్లు తక్కువ. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్‌లో వాటిలో చాలా విగ్రహాలు కూలాయి. విగ్రహాలు కూల్చడాన్ని నేను సమర్థించను. కానీ తెలంగాణ వాళ్లను తగినంతగా లెక్కలోకి తీసుకోలేదన్న ఆ కోపం నిజమైనది. ఎవరిని ఎక్కించారన్నది ఎంత ముఖ్యమో ఎవరిని వదిలేశారన్నదీ అంతే ముఖ్యం.

ఈ కొలతకు అందరికంటే గట్టిగా నిలిచే తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, 1948లో 53 ఏళ్లకే చనిపోయాడు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి పనిచేశాడు. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను ల్యాబ్‌లో తయారు చేశాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందులనూ అవే తయారు చేశాయి. వాటిలో ఒకదాన్ని వాడి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం వెనక్కి నెట్టగలిగాడు. నోబెల్ మాత్రం సుబ్బారావుకు రాలేదు.

రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్ల మందుల చీటీ ఒకసారి చూడండి. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ (ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందుల్లో ఒకటి), దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్. ఒకే చీటీలో పక్కపక్కన ఉన్న ఆ రెండూ ఆయన ల్యాబ్ దారిలో వచ్చినవే. గర్భిణులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, వయసు చూసి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం తెచ్చినదే. అది మింగినవాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

సుబ్బారావు లేకపోయినా వీటిలో ఏదో ఒకటి ఇంకెవరో కనిపెట్టేవారు. ఇన్ని దారులు ఒకే దశాబ్దంలో ఒకే మనిషి చుట్టూ తెరుచుకునేవి కావు. బోదకాలు, పిల్లల క్యాన్సర్, రక్తహీనత... వీటిలో ఏ ఒక్కటి పదేళ్లు ఆలస్యమైనా దాని మూల్యం ప్రాణాల్లో, మంచం పట్టిన ఏళ్లలో లెక్కపెట్టాల్సి వచ్చేది. అందుకే నేను వేసే వరసలో సుబ్బారావు నెపోలియన్‌కు పైన ఉంటాడు. నెపోలియన్ తెచ్చిన 1804 నాటి సివిల్ కోడ్ ఎన్నో దేశాల చట్టాలకు పునాది అయిందని ఎవరైనా వాదిస్తే కాదనను. ఆ వాదన యుద్ధాల మీద కాక సామాన్యుల ఆస్తి, పెళ్లి, వారసత్వాల మీద నిలబడుతుంది, అలాంటి వాదనకైతే తప్పకుండా దిగుతాను.