ఆయతుల మధ్య దారం 1970లలో దొరికింది కాదు

ఈమధ్య చాలామంది పంచుకుంటున్న మాట ఇది: "పాత ఖురాన్ వ్యాఖ్యాతలు ఆయతులను (ఖురాన్ వాక్యాలను) దేనికది విడదీసి చదివారు. పొంతన కుదరని చోట నోరు మెదపలేదు. వాక్యాల మధ్య అల్లికను వెతకడం 1970లలో వాచక భాషాశాస్త్రం (వాక్యాలు కలిసి ఒక రచనగా ఎలా అమరుతాయో చూసే శాస్త్రం) నేర్పిన విద్య."

మొదటి ముక్కలో కొంత నిజం లేకపోలేదు. 923లో మరణించిన తబరీ వ్యాఖ్యానం తెరిస్తే ఆయతు, దాని కింద పూర్వుల నుంచి వచ్చిన ఉల్లేఖనాలు, మళ్లీ ఆయతు. కానీ రెండు అర్థాలు పోటీ పడినప్పుడు ముందువెనుకల మాటలను బట్టే ఆయన ఒకదాన్ని ఎంచుకున్న చోట్లు ఎన్నో. విడదీసి చదివేవాడికి ఆ పనేమిటి?

"నోరు మెదపలేదు" అన్నది మాత్రం శుద్ధ తప్పు. 75వ సూరా (అధ్యాయం) చూడండి. ప్రళయదినం గురించి చెబుతూ చెబుతూ, 16వ ఆయతులో ఉన్నట్టుండి "తొందరపడి నాలుక కదపకు" అని ప్రవక్తకు హెచ్చరిక. నాలుగు ఆయతుల తర్వాత మళ్లీ పాత ప్రస్తావన. 1210లో మరణించిన వ్యాఖ్యాత ఫఖ్రుద్దీన్ రాజీ దీన్ని దాటవేయలేదు, పలు సమాధానాలు ఇచ్చాడు. నాకు నచ్చింది ఒకటి. గురువు పాఠం చెబుతుంటే శిష్యుడు అటూ ఇటూ చూస్తాడు. గురువు "దిక్కులు చూడకు" అని మందలించి పాఠం కొనసాగిస్తాడు. ఆ పాఠాన్ని మందలింపుతో సహా రాసిపెడితే, సంగతి తెలియనివాడికి ఆ మాట అతకనట్టుంటుంది. తెలిసినవాడికి సరిగ్గా అమరినట్టుంటుంది. 1981లో భాషావేత్తలు బోగ్రాండ్, డ్రెస్లర్ వాచకానికి చెప్పిన ఏడు లక్షణాల్లో సందర్భోచితత్వం ఒకటి. ఆ పేరు రాజీకి తెలియదు, అంతే.

ఇక "నేర్పిన విద్య". ఆయతుల మధ్య ఉండే ఈ సంబంధాన్ని అరబ్బీలో మునాసబా అంటారు. మన శాస్త్ర వ్యాఖ్యానాల్లోని "సంగతి"కి దగ్గరి మాట. పదో శతాబ్దపు బాగ్దాద్‌లో అబూ బక్ర్ నైసాబూరీ అనే పండితుడు "ఈ ఆయతు దీని పక్కనే ఎందుకు?" అని అడిగేవాడని, అది తెలియని పండితులను దెప్పేవాడని 14వ శతాబ్దపు పండితుడు జర్కషీ రాశాడు. అందరూ ఒప్పుకున్నారనీ కాదు. ఇరవై ఏళ్లకు పైగా వేర్వేరు సందర్భాల్లో దిగివచ్చిన మాటలకు బలవంతపు ముడులెందుకని 13వ శతాబ్దంలోనే ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ అనే పండితుడు అభ్యంతరం చెప్పాడు. లేని విద్య మీద ఎవరూ వాదులాడుకోరు కదా.

రాజీ ముడులు చాలావరకు గొలుసులాంటివి: ఒక ఆయతు నుంచి పక్క ఆయతుకు. సూరా మొత్తానికీ ఒక ఉద్దేశం ఉంటుందని పట్టుకుని, ప్రతి సూరాకూ దాన్ని చెప్పినవాడు 1480లో మరణించిన బికాయీ. ఆయన వ్యాఖ్యానాన్ని 22 సంపుటాలుగా అచ్చువేసింది ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురణ సంస్థ. ఆ అచ్చుపని 1969లో మొదలైంది. వాక్యాల అల్లిక మీద భాషావేత్తలు హాలిడే, రుకయ్యా హసన్‌ల పుస్తకం వచ్చింది 1976లో.