చేపల బండికి టైంటేబుల్ ఏదీ?

డెల్టాలో రైలు మాటెత్తితే అందరం లైను గురించే మాట్లాడతాం. విజయవాడ, గుడివాడ, భీమవరం, నిడదవోలు డబ్లింగు, కరెంటు పనులు నరసాపురం, మచిలీపట్నం కొమ్మలతో కలిపి 221 కిలోమీటర్లు అయ్యాయి. సంతోషం. కోటిపల్లి–నరసాపురం లైను కోసం కోనసీమ ఏళ్లుగా కళ్లు కాయలు కాసేలా చూస్తోంది, అదీ రావాలి. మరి ఆ పట్టాల మీద మన సరుకు బండి ఏ రోజు, ఎన్నింటికి కదులుతుందని ఎవరైనా అడిగారా?

భీమవరం, ఆకివీడు, కైకలూరు చేప బెంగాల్‌కీ అస్సాంకీ పోతుంది. పట్టుబడి అవ్వగానే ట్రేల్లో ఐసు కొట్టి లారీకెక్కిస్తారు. హౌరాకే వెయ్యి కిలోమీటర్ల పైన. దారిలో ఒడిశా దగ్గర తుఫానుకి హైవే ఆగిందంటే ఐసు కరుగుతుంది, రేటు కరుగుతుంది, ఆ దెబ్బ చివరికి చెరువు గట్టు మీదున్న రైతుకే తగులుతుంది.

ఇంత దూరానికి రైలే చవక అవ్వాలి. ఎందుకవ్వట్లేదంటే గూడ్సు నిండితేనే కదులుతుంది. కంటైనర్ బండికి 45 వ్యాగన్లు, అంటే 40 అడుగుల పెట్టెలు 45 కావాలి. ఏ ఒక్క వ్యాపారి దగ్గరా ఒకే రోజు అంత చేప ఉండదు. నిండేదాకా ఆగమంటే బియ్యం ఆగుతాయి, చేప ఆగదు.

కాబట్టి బండిని సరుకు కోసం ఆపొద్దు. వారానికి రెండు రోజులు, చెప్పిన టైముకి, పది పదిహేను వ్యాగన్లతోనైనా సరే ఆకివీడు నుంచి బయల్దేరదీయండి. భీమవరంలో ఇంకొన్ని తగిలించి, నిడదవోలు దగ్గర మెయిన్ లైన్లో వచ్చే కంటైనర్ బండికి కలపండి. కలపడానికి పట్టే టైమూ ముందే రాసుండాలి. సూపర్‌ఫాస్టులకి దారిస్తూ లూప్ లైన్లో, అంటే స్టేషన్ పక్క పట్టా మీద, గంటలు గంటలు పడుంటే ఈ కష్టమంతా వృథా. 2020 ఆగస్టు 7న దేవ్‌లాలీ నుంచి దానాపూర్‌కి మొదలైన కిసాన్ రైలు టైంటేబుల్ ప్రకారమే నడిచింది, దారి స్టేషన్లలో చిన్న రైతుల సరుకూ ఎక్కించుకుంది. రైల్వేకి చేతకాని పని కాదిది.

అన్నిటికీ రైలే కావాలని నేననను. విశాఖ పోర్టుకెళ్లే రొయ్యల కంటైనర్‌కి మూడు వందల కిలోమీటర్ల దారి కూడా లేదు. లారీ మీంచి వ్యాగన్‌కి, మళ్లీ అక్కడ దించడానికి అయ్యే ఖర్చులే మిగులంతా తినేస్తాయి. దానికి లారీయే సరి.

ఇంకో చిక్కు, తిరుగు ప్రయాణం. పెట్టెలు ఖాళీగా వస్తే కిరాయి రెట్టింపవుతుంది. బెంగాల్ బంగాళాదుంప మనకెలాగూ వస్తోంది కదా! కాకపోతే హౌరా వైపు నీచు వాసన పోయేలా కడిగే ఏర్పాటుండాలి. ఇటు మన ఒండ్రు నేలలో నిండు కంటైనర్ల బరువు మోసే కాంక్రీటు యార్డు కావాలి. ఇవన్నీ బండితో పాటే ప్లానులో ఉండాలి, తర్వాత చూద్దామంటే కుదరదు.

ఎంపీగార్లూ, ఈసారి రైల్వే జీఎంతో మీటింగులో ఎక్స్‌ప్రెస్‌కి కొత్త స్టాపు అడిగే ముందు ఈ బండి టైము అడగండి.